మార్చి బొమ్మల మూడు గీతలు

మెట్‌పల్లి, మార్చి 4

నక్షత్రాల ఆఫీసు మేడం గారికి ఇస్తారి దండాలు.

నా రాత కోడి గెలికినట్టుంటది, అక్షరాల తప్పులుంటయి, మన్నించుండ్రి. నాలుగో తరగతి దాక సదివిన.

మా మనుమరాలు దీపిక బడి నుంచి మీ క్యాలెండర్ తెచ్చింది. మార్చి పేజీల దక్షిణం దిక్కు ఆకాశం, గెలాక్సీల గుంపు. నడుమ గుడ్డు లెక్క పెద్ద గెలాక్సీ. 'నున్నగా, గీత లేకుండా ఉంటుంది' అని కింద రాసిండ్రు. గీతలున్నయి. మూడు.

నలభై ఏండ్లు సాంచల షెడ్డుల, అదే మరమగ్గాల కాడ, నేసిన బట్టల తప్పులు పట్టిన. కంటి ఆపరేషన్ అయినంక సేటు "నీకిగ కనవడదు, ఇంటికి పో" అన్నడు. గీతలున్నయని రాసియ్యుండ్రి. ఆయనకు చూపెట్టాలె.

ఇట్లు,
ఇస్తారి

తా.క. గీతలు లేవని మా ఇంటామె పోచవ్వ అంటది. ఆమెకు కూరల వెంట్రుకనే కనవడదు.


కరీంనగర్, మార్చి 12

శ్రీ ఇస్తారి గారికి నమస్కారములు.

ముద్రణలో గీతలు పడినందుకు చింతిస్తున్నాము. కొత్త క్యాలెండర్ పంపుతున్నాము.

భవదీయ,
శ్యామల, ఖగోళ విజ్ఞాన కేంద్రం

తా.క. పాతది తిరిగి పంపగలరు.


మెట్‌పల్లి, మార్చి 17

మేడం, దండాలు.

కొత్తదాంట్ల గూడ గవే గీతలు, గదే జాగల. పాతది పంపను. రెండూ దండెం మీద ఏసి చూస్తున్న. ఎదురుంగ చూస్తే తప్పు దొరకదు. వెలుగుకు పట్టి, ఏటవాలుగ చూడాలె. మీరు గట్ల చూసిండ్రా?

ఇస్తారి


కరీంనగర్, మార్చి 25

ఇస్తారి గారికి,

అలాంటి గెలాక్సీలు నున్నగానే ఉంటాయి. మీ ఊళ్లో కంటి శిబిరం పెడుతున్నారు. మీ పేరు రాయించాను.

శ్యామల

తా.క. కళ్లజోడు ఉచితం.


మెట్‌పల్లి, ఏప్రిల్ 2

మేడం,

శిబిరానికి పోయిన. డాక్టరు అట్ట మీది ఆఖరు వరుస సదువుమన్నడు. సదివిన. దాని కింద అచ్చేసినోళ్ల పేరు సన్నగ ఉంటే అది గూడ సదివిన.

నా కండ్లజోడు మీరే తీసుకోండ్రి. అసలు బొమ్మ తీసి చూడుండ్రి.

ఇస్తారి


కరీంనగర్, ఏప్రిల్ 11

గౌరవనీయులైన ఇస్తారి గారికి,

అసలు ఫొటోను వెలుతురు పెంచి చూశాం. గీతలున్నాయి! ఎప్పుడో ఓ చిన్న గెలాక్సీని మింగిన ఆనవాళ్లవి. తప్పు రాసింది మేమే. గీతలున్నాయని రాసి, ముద్ర వేసిన పత్రం జతచేశాను. అయితే గీతలు రెండే. మూడోది మాకు కనిపించలేదు.

మీ శ్యామల


మెట్‌పల్లి, ఏప్రిల్ 16

మేడం, దండాలు.

కాయితం ముట్టింది. సేటు సదివి, "తప్పయింది ఇస్తారన్నా, రేపటి సంది రా" అన్నడు. రానన్న. మూడోది గూడ కాయితం మీదికి ఎక్కినంకనే వస్త.

ఇట్లు,
ఇస్తారి

తా.క. షెడ్డుల తప్పులు చూసేటోడు లేక బట్ట తాన్లు కుప్పవడ్డయి. సేటు నా పక్కనే కూసుండి, క్యాలెండర్ ఏటవాలుగ పట్టుకొని మూడోది ఎతుకుతుండు. జర జల్ది జవాబు రాయుండ్రి.