డాక్టరమ్మ అప్పగించిన ఆరబెట్టే పెట్టె

కోయిలకుంట్ల,
4-4-1956

కడపలో కరెంటు సామాన్ల షాపు మహానంది గారికి, మిషన్ ఆసుపత్రి గుడ్డల మేస్త్రీ లేవి వందనాలు.

అమెరికా దొరలు మా ఆసుపత్రికి తడిగుడ్డలు ఆరబెట్టే పెట్టె ఒకటి దానంగా పంపారు. ఆరు రోజులు తిరిగింది. ఇప్పుడు తిరుగుతుంది గానీ వేడెక్కదు. వచ్చే నెల దొర చూడటానికి వస్తున్నాడు. అప్పటికి బాగుకాకపోతే నా మేస్త్రీ పని వంటశాల ఏసురాజుకు ఇస్తామని సంఘం పెద్దలు తీర్మానించారు. బాగైతే గుడ్డలు ఆరేసే ఐదుగురు ఆడవాళ్ల పని పోతుంది. అందులో మొదటి పేరు నా భార్య విశ్వాసమ్మది. ఎటు చూసినా దెబ్బ మా ఇంటికే. బాగుచేసే పని మా జ్ఞానమణి డాక్టరమ్మ నాకే అప్పగించింది. దయచేసి ఉపాయం రాయగలరు.

ఇట్లు,
లేవి

తా.క. ఇక్కడ దుప్పటిని తాడుకు ఈ కొసన వేసి ఆ కొసకు పోయేలోపు ఆరిపోతుంది. ఈ సంగతి దొరలకు ఎవరూ రాసినట్టు లేదు.

కడప,
9-4-1956

లేవి మేస్త్రీకి మహానంది నమస్కారం.

మీ పెట్టెలో వేడి కనిపెట్టే బిళ్ళ ఒకటి ఉంటుంది. అది చచ్చిందో బతికుందో ముందు తేలాలి. బస్సు కండక్టరు చేత నా సొంత మీటరు పంపుతున్నాను. కరెంటు పూర్తిగా తీసెయ్యి. బిళ్ళకున్న రెండు తీగలూ ఊడదీసి బిళ్ళను బయటికి తియ్యి. మీటరుకున్న రెండు సూదులూ బిళ్ళ రెండు కొసలకు తగిలించి ముల్లు ఎక్కడుందో రాసుకో. తర్వాత బిళ్ళను వేడినీళ్ల గ్లాసుకు ఆనించు. ముల్లు జరిగితే బిళ్ళ మంచిది. జరగకపోతే చచ్చింది. ఇంతకు మించి సొంత తెలివి వాడొద్దు.

ఇట్లు,
మహానంది

తా.క. సూదులు గోడ ప్లగ్గులో పెట్టొద్దు. నంద్యాలలో ఒకాయన పెట్టాడు. ఆ మీటరూ దక్కలేదు, ఆయన మీసమూ దక్కలేదు.

కోయిలకుంట్ల,
16-4-1956

మహానంది గారికి లేవి వందనాలు.

మీరు చెప్పినట్టే బిళ్ళ తీసి, మీటరు సూదులు తగిలించి వరండా బెంచీ మీద కూర్చున్నాను. వేడినీళ్లు వచ్చేలోపు పక్కనున్న రోగి గిడ్డయ్య ఆ బిళ్ళను గుప్పిట పట్టాడు. ముల్లు జరిగింది. ఇది వేడిని కనిపెట్టే బిళ్ళ అని నేను అన్నదే తప్పు. “వారం నుంచి మామిడికాయలు తింటాండా, ఒంట్లో వేడి ఎంతుండాదో చెప్పప్పా” అని నన్ను పట్టుకున్నాడు.

మరునాటికి వరండా నిండిపోయింది. ముల్లు సగం దాటితే మజ్జిగ, చివరికి పోతే సబ్జా గింజలు అని నేనే చెబుతున్నాను. ఏదో ఒకటి చెప్పకపోతే లేవడం లేదు. రామసుబ్బమ్మ అనే ఆమె కోడలికి వేడి చేసిందని పట్టుకొచ్చింది. తీరా చూస్తే ముల్లు అత్త చేతిలోనే ఎక్కువ జరిగింది. అప్పటినుంచి ఆ ఇంట్లో మాటల్లేవు. వేడినీళ్ల పరీక్షకు మాత్రం ఇంకా తీరిక దొరకలేదు.

ఇట్లు,
లేవి

తా.క. మీటరుకు విశ్వాసమ్మ ఎర్రగుడ్డ కుట్టింది. జనం దణ్ణం పెడుతున్నారు. పాదిరి గారికి కోపంగా ఉంది.

కడప,
20-4-1956

లేవి మేస్త్రీకి,

నీ ఉత్తరం చదివి తల పట్టుకున్నాను. నేను పంపింది కరెంటు మీటరు, నాడి చూసే వైద్యుణ్ణి కాదు. అయినా గుప్పిట వేడికే ముల్లు జరిగిందంటే బిళ్ళ బంగారంలా ఉన్నట్టు. లోపం తీగల్లో ఉంది. పెట్టె వెనక రేకు విప్పి తీగ వెంబడి చివరిదాకా చూడు. ఎక్కడ తెగిందో రాయి. నా మీటరు వెంటనే పంపు.

ఇట్లు,
మహానంది

తా.క. మా ఇంట్లో అడగమంటున్నారు, ముల్లు ఎంత దాటితే ప్రమాదం?

కోయిలకుంట్ల,
25-4-1956

మహానంది గారికి లేవి వందనాలు.

రేకు విప్పాను. తీగ తెగలేదు, ఎవరో కత్తెరతో కోశారు. రెండు కొసలకూ తెల్ల ప్లాస్టరు చుట్టి పైన దారంతో ముడి వేశారు. ఆ ముడిని పన్నెండేళ్లుగా రోగుల కట్ల మీద చూస్తున్నాను. అది మా డాక్టరమ్మ వేసే ముడి.

వెళ్లి అడిగాను. ఆమె తలుపు దగ్గరికేసి ఇలా అంది. “ఐదిండ్లలో కుండలు బోర్లించి ఆ పెట్టె తిప్పేది నాకు శాతగాదు లేవీ. ఏసురాజుకు ఇచ్చింటే ఒక్క పూటలో బాగుచేస్తాండె. నీకైతే రాదని గట్టిగా నమ్మి నీకిచ్చినా.”

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నా చేతకానితనం మీద ఇంత నమ్మకం ఇంతవరకు ఎవరూ పెట్టుకోలేదు. ఆ నమ్మకాన్ని మీరు చెడగొట్టబోయారు.

కాబట్టి మీ షాపు కాగితం మీద, ఈ యంత్రానికి కావలసిన సామాను ఈ దేశంలో దొరకదనీ, ఇందులో మేస్త్రీ తప్పు రవ్వంతా లేదనీ రాసి పంపాలి. అప్పుడు ఆ ఐదుగురి పనీ ఉంటుంది, నా పనీ ఉంటుంది. మీటరు ఈ బస్సులోనే పంపుతున్నాను.

ఇట్లు,
మీ మేలు మరువని
లేవి

తా.క. ఆ కాగితం ఇంగ్లీషులో, ఎవరికీ అర్థం కాకుండా రాయించమని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. అర్థమైతే మా సంఘం పెద్దలు నమ్మరు.