స్వప్నకు నచ్చిన మిల్లు

బుధవారం, రాత్రి

చెవుల్లో మిల్లు ఇంకా ఆడుతూనే ఉంది. ఫ్యానేమోనని ఆపి చూశాను. ఫ్యాను కాదు.

చదువయ్యాక ఏ పని నచ్చుతుందో పిల్లలే చూసి తెలుసుకోవాలని మా బడి మొదలుపెట్టిన కార్యక్రమం ఇది. ఈ రోజు స్వప్న వంతు. పుట్టుకతోనే వినపడని పిల్ల. సూర్యాపేట నుంచి మిర్యాలగూడ తీసుకెళ్లి ఒక రైస్ మిల్లు చూపించాను. పాలిషింగ్ మిషన్ల దగ్గర నేను చెవులు మూసుకుంటే నన్ను చూసి నవ్వింది.

ఆ మోతలో పనివాళ్లంతా చేతులతోనే మాట్లాడుకుంటున్నారు. బస్తా తే, ఆపు, అన్నానికి పోదాం. కాసేపటికే స్వప్న వాళ్లలో కలిసిపోయింది. ఆ సైగలు సగం అర్థం కానిది నాకే.

బయటికొచ్చాక మేనేజర్ అన్నాడు: "గీ మోతల ఎవ్వరు నిలబడ్తలేరు మేడం, చెవులు పోతయని భయం. ఈ పిల్లకైతే ఇగ పోయేదేముంది? రేపటి సంది పంపుండ్రి."

గేటు దగ్గర టీ తాగుతున్న ముసలి హమాలీని అడిగాను: "ఎన్నేండ్ల సంది చేస్తున్నవ్ పెద్దయ్యా?"

అక్కడ మోత లేదు. అయినా ఆయన నా పెదాల వంకే చూశాడు. "జర గట్టిగ చెప్పు బిడ్డా. మిల్లుకొచ్చిన కొత్తల మంచిగనే ఇనపడుతుండె."

రేపు మేనేజర్‌కు ఫోన్ చేయాలి. ఏమని చెప్పను...

తిరిగొస్తుంటే బస్సులో స్వప్న నా భుజం తట్టింది. ఇంత సంతోషంగా దాన్ని ఎన్నడూ చూడలేదు. 'అక్కడ అందరూ నాలాంటివాళ్లే,' అని సైగ చేసింది. 'వాళ్లు కూడా పుట్టుకతోనేనా?'