అమ్మ చేతిలో దువ్వెన

మంగళవారం రాత్రి, కొత్తవాడ

ఈరోజు హసన్‌పర్తి కాలేజీ ల్యాబులో మా రోబో పరీక్షలో నెగ్గింది. వస్తువును పేరుతో కాకుండా, అది ఏ పనికి వస్తుందో చూసి గుర్తుపట్టడం దానికి నేర్పుతున్నాం. నీళ్లు తాగడానికి ఏదైనా తెమ్మంటే, గ్లాసు లేకపోయేసరికి బల్ల మీది కొబ్బరిచిప్పను తెచ్చింది. కొబ్బరిచిప్పను మేం దానికి ఎప్పుడూ చూపలేదు. లోతుంది, నీళ్లు నిలుస్తాయి అని అదే తేల్చుకుంది. అందరం చప్పట్లు కొట్టాం. ఈ ముచ్చట అమ్మకు చెప్పాలని గబగబా ఇంటికి వచ్చాను.

అమ్మ పొయ్యి దగ్గర నిలబడి దువ్వెనతో పప్పు కలుపుతోంది.

"అమ్మా, ఏందిది?" అన్నాను.

"గంటె గదా బిడ్డా," అంది నా వైపు తిరగకుండానే. తర్వాత తన చేతిలోకి చూసుకుంది. చాలాసేపు చూసింది. "పరాకుల తీసిన తియ్," అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. మొన్న అమ్మ తాళంచెవి పట్టుకుని ఇదెందుకని అడిగితే, నన్ను ఆటపట్టిస్తోందనుకున్నాను.

"రేపు దవాఖానకు పోదామమ్మా."

"జర పనెక్కువై గట్లయింది. నువ్వు ఫికర్ చెయ్యకు," అని కసిరింది.

రోబో సంగతి చెప్పనే లేదు. ఎలా చెప్పను?

తిన్నాక, గ్యాస్ కట్టేసి ఉందో లేదో చూద్దామని వంటింట్లోకి వెళ్లాను. అమ్మ అప్పటికే స్టవ్ ముందు నిలబడి ఉంది. మంట ఇంకా వెలుగుతోంది.

"ఎటు తిప్పితే బంద్ అయితది బిడ్డా?" అని మెల్లగా అడిగింది.

తిప్పి చూపించాను. మంట ఆరిపోయాక కూడా అమ్మ అక్కడి నుంచి కదల్లేదు.

"రేపు పొద్దుగాల్నే పోదాం," అంది.