నా చేతుల్లోంచే వెళ్ళిన పండుగప్ప

ఆదివారం రాత్రి.

ఎంత ఆనందమో అంత ఒళ్ళుమంట! ఆస్ట్రేలియాలోని ఈ క్వీన్స్‌లాండ్ డ్యామ్‌లో నా గాలానికి నడుమెత్తు పండుగప్ప పడింది. ఇక్కడ బారముండి అంటారు గానీ మన పండుగప్పే. వెంటనే మా ఆవిడకి ఫోన్ చేసి మసాలా నూరమన్నాను.

మా అమ్మాయి ఫొటో తీసి, “స్పోర్ట్ ఫిషింగ్ అంటే అంతే నాన్నా, రిలీజ్ చేసెయ్యాలి,” అంది.

“పులుసు పెట్టాల్సినదాన్ని సాగనంపుతారటే?”

“తర్వాత తిడుదువుగానీ, రెండు చేతులతో నీళ్ళలో పట్టుకో. ఊపిరందాక అదే వెళ్తుంది.”

తిడుతూనే పట్టుకున్నాను. అది తోకాడించి జారిపోగానే, “బతికిందే!” అని గంతేశాను.

ఇంటికొస్తే మసాలా ఘుమఘుమ. చేప సంగతి చెబితే, “ఎవరు వదిలేశారు?” అంది ఆవిడ. “నీ కూతురే,” అని చెప్పి కోడిగుడ్ల పులుసు తిన్నాను. ఎంత కడిగినా నా చేతులు ఇంకా చేప వాసనే.