యాదగిరి వ్యాన్‌కు వేసిన జాయింట్లు

మే 27
యాదగిరి స్కూలు వ్యాన్‌లోకి వేరే బండి ఇంజన్ దిగింది. వైరింగ్ నాది. ఆక్సిజన్ సెన్సార్లు రెండూ కొత్తవి — పొగను చూసి పెట్రోలు ఎంత పోయాలో చెప్పేవి అవే. వాటి వైరు ప్లగ్గులు బండివాటితో కలవలేదు. పాతవి కోసి, సోల్డర్ చేసి, పైన రబ్బరు స్లీవు తొడిగాను. నీటి చుక్క దూరదు. ముప్పై ఏళ్ల చెయ్యి మరి!

మే 28
మీటర్‌లో ఇంజన్ లైటు — తప్పుంటే వెలిగేది — ఆరింది. బల్కంపేట గుడికి పోయి టైర్లతో నిమ్మకాయలు తొక్కించుకొచ్చాడు యాదగిరి.
"జూన్ పన్నెండుకు బడి తెరుస్తరన్నా. గీ బండి నడిస్తేనే నా ఇల్లు నడుస్తది."

జూన్ 1
మళ్లీ వెలిగింది. నల్లపొగ. పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కలేక గుంజుతోంది. పొల్యూషన్ చెకింగ్‌లో ఫెయిల్.

జూన్ 3
సెన్సార్లే నాసిరకం అనుకున్నా. ఇంకో జత. ఈసారి స్లీవు రెండు పొరలు, లోపల సిలికాన్ కూడా. అన్నం చల్లారిపోయిందని మా ఆవిడ సుజాత షాపుకే వచ్చింది. "గంత సేపా? గుడి కడుతున్నవా ఏంది?" నవ్వాను.

జూన్ 4
ఆరింది.

జూన్ 8
వెలిగింది. ఛీ.

జూన్ 9
యాదగిరి స్టూలు మీద కూర్చున్నాడు. టీ ముట్టలేదు. "నిజం జెప్పన్నా. ఇంజనేనా?"
రెండు జతలూ చెడ్డవి కావు కదా... నా జాయింట్లో తప్పుండదు. ఇంజన్ లోపలే పోయింది, ఇక ఆశ పెట్టుకోకు అన్నాను.
"నువ్వన్నవంటే గంతే."

జూన్ 11
వ్యాన్ తుక్కుకు ఇచ్చేశాడు. పిల్లల ఇళ్లకు ఫోన్లు చేసి, వేరే బండి చూసుకోమన్నాడట.

జూన్ 13
వేరే కారు పని మీద, సెన్సార్లు కొన్న పంజాగుట్ట స్పేర్‌పార్ట్స్ షాపుకు వెళ్లాను. కౌంటర్లో ఆవిడ అడిగింది.
"ఏంటండీ, సెన్సార్లు మీకే ఎందుకు పోతున్నాయి? జాయింట్ ఎలా చేస్తున్నారు?"
గొప్పగా చెప్పాను. స్లీవు, సిలికాన్...
"అయ్యో, మూసేశారా! పొగతో పోల్చుకోడానికి సెన్సారు వైరు సందుల్లోంచే బయటి గాలి పీలుస్తుందండీ. సోల్డర్ చేయకూడదు, నొక్కి కలపాలి. డబ్బాలో కాగితం చూళ్లేదా?"
ఆ కాగితం మీద నేను టీ గ్లాసు పెట్టుకుంటాను.
అక్కణ్నుంచి తుక్కు దుకాణానికి పరుగెత్తాను. తలుపులు ఓ పక్క, సీట్లు ఓ పక్క. ఇంజన్ ముక్కలు. నా జాయింట్లు మాత్రం నేల మీద, చెక్కుచెదరకుండా. రెండు చేతులతో లాగాను. ఊడలేదు.

జూన్ 16
యాదగిరికి ఇంకా చెప్పలేదు.

జూన్ 20
సుజాతకు చెప్పాను. "పోయి జెప్పు. తిడితే పడు." తిడితే బాగుండు. వాడు తిట్టడు — అదే నా భయం.

జూన్ 24
యాదగిరి వచ్చాడు. ఎస్.ఆర్. నగర్‌లో ఎవరిదో వ్యాన్‌కు డ్రైవర్‌గా కుదిరాడట. హారన్ వైరు తెగింది.
"మా బండి సేఠ్ ఇంకో షాపుకు పొమ్మన్నడు. నేనే ఇటు తెచ్చిన. నీ జాయింటంటే మల్ల చూసే పని లేదన్నా."
నోరు తెరిచాను...
"జర చాయ్ చెప్పన్నా" అన్నాడు. చాయ్ చెప్పాను.
వైరు అతికించి, ఊడుతుందేమోనని రెండుసార్లు లాగి చూశాను. వాడు చూళ్లేదు. బండి తీస్తూ హారన్ కొట్టి చూపించాడు. బాగానే మోగింది.