జర్మన్‌లో నాకు పిల్లలు లేరు

ఆగస్టు 4, సోమవారం

డ్యూటీ దిగి హన్మకొండలో జర్మన్ క్లాసు. అది అయ్యాక బస్సులో ఫోన్ క్లాసు, జర్మన్ నేర్పే యాప్. ఫోన్లో మాట్లాడే ఆవిడకు అలసట లేదు, విసుగు లేదు. పేరు? స్వరూప. ఊరు? వరంగల్. పని? నర్సు. పిల్లలు? ఒక పాప, సింధు, ఎనిమిదేళ్లు. అన్నిటికీ ఆకుపచ్చ టిక్కు.

భర్త? చనిపోయాడు. అదీ ఆకుపచ్చే. ఉచ్చారణ బాగుందట.

ఆగస్టు 5

పదహారున ఇంటర్వ్యూ అని, నర్సులను జర్మనీకి పంపే కన్సల్టెన్సీ మేడం చెప్పింది. వీడియోలో. అక్కడి వృద్ధాశ్రమం వాళ్లే మాట్లాడతారు. పిల్లలున్న వాళ్లు ఎవరని అడిగింది, ముగ్గురం చేతులెత్తాం.

"పిల్లలున్నరంటే నౌకరి నడుమల ఇడిసిపెట్టి వస్తరనుకుంటరు. లేరనే చెప్పున్రి."

రెండేళ్లకు పిల్లను పిలిపించుకోవచ్చన్నారు కదా, మరి లేని పిల్లను ఎట్లా పిలిపించుకోవాలని అడిగాను. ముందు చేరు, తర్వాతి సంగతి తర్వాత అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆగస్టు 7

ఇవాళ జవాబు మార్చాను. ఇష్ హాబె కైనె కిండర్. నాకు పిల్లలు లేరు.

మొదట ఎర్ర గీత. నోరు తిరగలేదట. మళ్లీ ఎర్ర గీత. ఆ తర్వాత ఆకుపచ్చ. "చాలా బాగుంది" అంది ఫోన్లో ఆవిడ. ఎవరిదో రిపోర్టు చదివినట్టుంది నా గొంతు. ఏదో అనిపిస్తుందని ఎదురుచూశాను... ఏమీ అనిపించలేదు. బస్సు దిగి కొత్తిమీర కట్ట కొన్నాను.

మా ఆయన శ్రీను పోయిన రోజూ ఇంతే. రఘునాథపల్లి దగ్గర లారీ గుద్దిందని ఫోన్ వస్తే సరే అన్నాను. వార్డులో ఒకాయన సెలైన్ అయిపోవచ్చింది. అది మార్చి బయల్దేరాను. రెండేళ్లయింది. ఇంకా ఆ సరే దగ్గరే ఉన్నాను.

ఆగస్టు 9, శనివారం

దీపం పెట్టే వేళ. బియ్యం అయిపోయాయని వంటింట్లోంచి అరిచాను. అమ్మ కసిరింది.

"అయిపోయినయ్ అంటరా ఈ యాళ్ల? నిండుకున్నయ్ అను. తథాస్తు దేవతలు తిరుగుతాంటరు."

తెలియనిది కాదు. ఈ ఇంట్లో పసుపు అయిపోదు, ఉప్పు అయిపోదు, నూనె అయిపోదు. అన్నీ నిండుకుంటాయి. లేదన్న మాట ఈ గడపలో పలకకూడదు, పైన దేవతలు తథాస్తు అనేస్తారు.

తర్వాత వెనక గదిలోకి పోయి తలుపు వేసుకుని, నాకు పిల్లలు లేరు అని జర్మన్‌లో అప్పజెప్పుకున్నాను. ఆ దేవతలకు జర్మన్ వస్తుందో రాదో. ఫోన్ మాత్రం ప్రతిసారీ అంటోంది – సరైనది, సరైనది.

ఆగస్టు 11

కొత్త రోగం పట్టుకుంది. జర్మన్ వాక్యం అయిపోగానే నోట్లోనే తెలుగులో "ఉన్నది" అంటున్నాను. విరుగుడు. ఎవరైనా వింటే దవాఖానలో చూపించుకొమ్మంటారు. నేను పనిచేసేదే దవాఖానలో.

ఫోన్ వింటూనే ఉంటుంది కదా. ఆ "ఉన్నది"ని కూడా జర్మన్‌లో కలిపి ఎర్ర గీత పెడుతోంది. పెట్టుకోనీ.

ఆగస్టు 13

సింధు స్నానం చేస్తూ పాడుతోంది. ఇష్ హాబె కైనె కిండర్, ఇష్ హాబె కైనె కిండర్... బతుకమ్మ పాట లాగా వరస కట్టింది. గోడ అవతల నుంచి వినీ వినీ వచ్చేసింది. నాకంటే శుభ్రంగా పలుకుతోంది.

అర్థం అడగలేదు. నేను చెప్పలేదు. టవల్ అందించాను.

ఆగస్టు 15

జెండా పండుగ. బడిలో ఇచ్చిన చాక్లెట్లలో ఒకటి సింధు నాకు దాచి తెచ్చింది. చేతిలో కరిగిపోయింది. తిన్నాను.

ఆగస్టు 16, శనివారం

ఇంటర్వ్యూ అయింది. వృద్ధాశ్రమం ఆవిడది నెరిసిన జుట్టు, మంచి ముఖం, నిదానంగా మాట్లాడింది. జర్మనీకి ఎందుకు రావాలనుకుంటున్నారు? ఆ జవాబు బట్టీ పట్టిందే, గడగడా చెప్పాను. నిజంగా ఎందుకని ఎవరైనా తెలుగులో అడిగితే ఏం చెప్పాలో తెలియదు. ఇక్కడ ఉండలేకపోతున్నాను, అంతే. అక్కడ ఉండగలనో లేదో కూడా తెలియదు.

పిల్లలున్నారా?

వాక్యం చెప్పాను. చెప్పి... ఆగలేదు నోరు. "ఉన్నది" అన్నాను, పైకే.

ఆవిడ ముందుకు వంగింది. ఏమన్నారు? కెమెరా వెనకాల మేడం గుడ్లు ఉరిమి చూస్తోంది. దగ్గు వచ్చిందన్నాను. జాగ్రత్త, మంచి నీళ్లు తాగండి అంది. తనకు ముగ్గురు పిల్లలట, పేర్లు చెప్పింది. సంతోషం అన్నాను. ఆ మాట జర్మన్‌లో బాగా వచ్చింది.

ఆగస్టు 19, మంగళవారం

తీసుకున్నారు. రేపు పన్నెండు లోపల ఔననో కాదనో చెప్పాలి. కాదంటే ఆ జాగా ఇంకొకరికి పోతుంది.

అమ్మ మగ్గం మీది నుంచి లేచి వచ్చి నా తల నిమిరింది. వాడకట్టంతా చక్కెర పంచింది. పిల్ల ఫికర్ పెట్టుకోకు, నేను సూస్కుంట అంది. నేస్తున్న దర్రీ తివాచీ ఒక్కటి దింపి ఇక మగ్గం బందు పెడతానంది. సింధు హోంవర్కు చేసుకుంది. జర్మనీలో ఇప్పుడు ఎంత టైం అని ఒక్కసారి అడిగింది.

నాకు సంతోషంగా లేదు. బాధగానూ లేదు. రాసుకోవడానికి కూడా ఏమీ లేదు.

ఆగస్టు 20, బుధవారం

పొద్దున యూనిఫాం ఇస్త్రీ చేస్తున్నాను. సింధు అరుగు మీద నా ఫోన్ పట్టుకుని కూర్చుంది. కుటుంబం పాఠం. ఫోన్లో ఆవిడ అడుగుతోంది: మీ అమ్మ గురించి చెప్పండి.

"ఇష్ హాబె కైనె ముట్టర్."

నా వాక్యమే. ఒక్క మాట మార్చింది. నాకు అమ్మ లేదు.

చాలా బాగుంది, అంది ఫోన్.

పరిగెత్తుకుంటూ లోపలికి వచ్చింది. "సూడు మమ్మీ, ఒక్కసారికే గ్రీన్ వచ్చింది." స్క్రీన్ నా ముఖానికి పట్టి చూపించింది. వాక్యం కింద తెలుగులో అర్థం ఉంది, పెద్ద అక్షరాల్లో. దీనికి చదవడం వచ్చు. మూడో తరగతి.

తెలిసి అన్నదా, నా మాటకు ఊరికే అతికించిందా. ముఖం చూస్తే తెలియలేదు. వెరీ గుడ్ అన్నాను. నా నోటితో నేనే అన్నాను. జడ వేశాను, డబ్బా కట్టాను, బడి ఆటో ఎక్కించాను. ఆటో మూల తిరిగాక గడప మీద కూలబడ్డాను. ఏడుపొచ్చింది. శ్రీనుకు కూడా రాని ఏడుపు. అమ్మ ఏమైందే అని అడుగుతూనే ఉంది.

డ్యూటీకి పోలేదు. పన్నెండు దాటింది. మేడం ఫోన్ చేస్తూనే ఉంది, ఎత్తలేదు.

నాలుగింటికి బడి విడిచిపెడతారు. దగ్గర కూర్చోబెట్టుకుని, అర్థం తెలిసే అన్నవా అని అడగాలి. తెలిసే అన్నానంటే...