మూడు చప్పట్ల లోపల

కదిరి,
ఫిబ్రవరి 12, 2024.

ప్రియమైన చౌడేశ్వరికి,

నువ్వు క్షేమంగా కువైట్ చేరావని మీ అత్త భద్రమ్మ సంతకు వచ్చినప్పుడు చెప్పింది. ఆ ఇంట్లో శుక్రవారం పది నిమిషాలే ఫోను ఇస్తారట గదా. ఆ పది నిమిషాలూ నీ కూతురు శశితోనే మాట్లాడు. తొమ్మిదేళ్ల పిల్ల, వారమంతా దానికోసమే కాచుకుని ఉంటుంది. మనకు ఉత్తరాలు చాలు. మీ పక్కింట్లో కారు నడిపే పామిడి దేవేంద్ర, సెలవుకు వచ్చిపోయే వాళ్ల చేత చేరవేస్తానన్నాడు.

చర్చి వెనక గదిలో కొత్త బ్యాచ్ మొదలైంది. పదకొండు మంది. అందరూ నీలాగే ఇంటిపనికి పోయేవాళ్లు, రెండేళ్లుగా శనక్కాయ చేను బీడు పెట్టుకున్నవాళ్లు. పెండ్లి పత్రికల వెనక నువ్వు రాసిచ్చిన రెండొందల కార్డులతోనే పాఠం నడుస్తోంది. పైన అరబ్బీ మాట, కింద ఇంగ్లీషు మాట, రెండూ తెలుగక్షరాల్లో. "ఎవరు రాసినారక్కా, అచ్చు గుద్దినట్ల ఉండాయే" అని అడుగుతున్నారు. నా శిష్యురాలు అని గర్వంగానే చెప్తున్నాను. అయినా ఒట్టి కార్డుతో ఆపను, నీకు తెలుసు. ఉల్లిగడ్డ అంటే ఉల్లిగడ్డ చేతికివ్వాలి, ఇస్త్రీపెట్టె అంటే ఇస్త్రీపెట్టె ముందు పెట్టాలి. వస్తువు చూస్తేనే మాట నిలుస్తుంది.

క్లాసులో నేను కొట్టే మూడు చప్పట్లు మర్చిపోవద్దు. మేడం ఏమడిగినా, అర్థమైనా కాకపోయినా, మూడో చప్పట్టు పడేలోగా జవాబు నోట్లో ఉండాలి. "జైన్ మేడం, మాఫీ ముష్కిల్." బాగుంది మేడం, ఇబ్బందేమీ లేదు. ఇరవై మూడేళ్ల కింద నేను ఆ దేశంలో అడుగుపెట్టినప్పుడు, ఏమడిగినా గోడలా నిలబడిపోయానని నలభై రోజులకే ఆ ఇంటివాళ్లు నన్ను ఏజెంటుకు తిప్పి పంపేశారు. ఆ సిగ్గు నా పిల్లలెవరికీ రాకూడదు.

అక్కడ వాడే మాటల్లో మన కార్డుల్లో లేనివి ఏవో చూసి రాయి. తప్పులుంటే ఎర్రసిరాతో దిద్దుతాను, నా సంగతి తెలుసు గదా.

నీ మేలు కోరే,
కృపక్క


కువైట్,
ఏప్రిల్ 20, 2024.

ప్రియమైన కృపక్కకు చౌడేశ్వరి నమస్కారాలు.

మీ ఉత్తరం రెండు నెలలకు చేరింది. నాలుగుసార్లు చదువుకున్నాను. ఇల్లు పెద్దది. మూడంతస్తులు, ఏడుగురు పిల్లలు, నేనూ ఇంకో వంటామె. పని ఎక్కువే కానీ మేడం చెడ్డది కాదు. చెయ్యెత్తదు, తిట్టదు.

మన కార్డుల్లో కొన్ని మార్చాలక్కా. అన్నిటికీ ఇంగ్లీషు మాట రాయించారు గానీ, ఇంట్లో పెద్దావిడకు ఇంగ్లీషు రాదు. పిల్లలకేమో ఇంగ్లీషే కావాలి. కాబట్టి పాఠం రెండుగా చేయండి. ముసలివాళ్లతో మాట్లాడే పాఠం ఒకటి, పిల్లలతో మాట్లాడే పాఠం ఒకటి. ఇద్దరిద్దరిని నిలబెట్టి, ఒకరు మేడం, ఒకరు పనిమనిషి అని ఆడించండి. మేడంగా ఆడేవాళ్లకు కోపంగా, వేగంగా మాట్లాడమని చెప్పండి. ఇక్కడ ఎవరూ మీలాగా విడదీసి పలకరు.

చప్పట్ల పాఠం బాగా పనికొచ్చింది. "దేనికైనా జైన్ అంటుంది, మంచి పిల్ల" అని మేడం వాళ్ల చెల్లెలితో ఫోన్లో చెప్పిందట, వంటామె చెప్పింది. ఒకరోజు తిన్నావా అని అడిగింది. నేను తినలేదు. కానీ ఆలోచించేలోగానే నోరు జైన్ అనేసింది. తలుచుకుని నవ్వుకున్నాను. ఆ రాత్రికి పస్తే అనుకోండి. "లేదు" అని చెప్పే కార్డు మనం రాసుకోలేదు గదా అక్కా.

మీ శిష్యురాలు,
చౌడేశ్వరి


కదిరి,
జూన్ 30, 2024.

ప్రియమైన చౌడీ,

నీ ఉత్తరం క్లాసులో రెండుసార్లు చదివి వినిపించాను. మేడం నిన్ను మెచ్చుకున్న చోట అందరి చేతా చప్పట్లు కొట్టించాను. ముసలివాళ్ల పాఠం, పిల్లల పాఠం అని విడదీసేశాను. మేడం వేషం వేయమంటే ఒక్కొక్కతె ఎంత జబర్దస్తీ చేస్తుందో చూడాలి నువ్వు. ఇళ్లలో దాచుకున్నదంతా ఇక్కడ బయటపడుతోంది.

"లేదు" కార్డు సంగతి అడిగావు. వద్దు. ఆ మాట నేర్పితే మనవాళ్లు రెండో రోజే వాడేస్తారు, మూడో రోజు ఏజెంటు ఆఫీసులో కూర్చుంటారు. నేను చూడనిదా. ఒకపూట పస్తుంటే ప్రాణం పోదు.

ఇక్కడ మృగశిర కూడా ఎండగానే పోయింది. విత్తనాలు తెచ్చుకున్నవాళ్లు గుడిసెల్లో పెట్టుకుని ఆకాశం చూస్తున్నారు. మీ అత్త మీ రెండెకరాలూ ఈసారి కూడా దున్నించలేదు.

నాకొక సాయం చేయి. వంటింటి మిషన్ల పేర్లు, బట్టలుతికే మిషన్ మీది మాటలు, యాభై కార్డులు రాసి పంపు. మీ ఇంట్లో అట్టపెట్టెలకు కొదవ ఉండదు. నీ చేతిరాతకు అలవాటు పడ్డారు అందరూ, నేను రాస్తే మొహం చిట్లిస్తున్నారు.

ఎప్పుడూ నీ గురించే చెప్పుకునే,
కృపక్క


కువైట్,
అక్టోబర్ 6, 2024.

ప్రియమైన కృపక్కకు,

ఆలస్యమైంది, ఏమనుకోవద్దు. మొన్న సబ్బునీళ్లతో వాకిలి కడుగుతూ జారిపడ్డాను. ఏమీ కాలేదు. మేడం పరుగెత్తుకొచ్చి అడిగింది, జైన్ అన్నాను. మర్నాడూ అడిగింది.

యాభై కార్డులు కాలేదు. పన్నెండు పంపుతున్నాను. మిగతావి నిదానంగా రాస్తాను. శశి నాలుగో తరగతిలో ఇంగ్లీషు పద్యం చెప్పిందట. ఫోన్లో వినిపించింది. నాకు సగమే అర్థమైంది.

చౌడేశ్వరి


కదిరి,
నవంబర్ 28, 2024.

ప్రియమైన చౌడేశ్వరికి,

కార్డులు అందాయి. అందాయి కానీ, ఇవి నువ్వు రాసినవేనా? అక్షరాలు ఒక పక్కకు వాలిపోయాయి. గుడులు తలకట్టుల మీదికి ఎక్కాయి. నాలుగు కార్డుల మీద సిరా ఒలికింది. కువైట్ నీళ్లు తాగి బద్ధకం వచ్చిందేమో మా చౌడేశ్వరికి అని క్లాసులో అందరం నవ్వుకున్నాం.

పదింటిని ఎర్రసిరాతో దిద్ది దీంతో తిప్పి పంపుతున్నాను. మళ్లీ రాసి పంపు. తొందర లేదు, కుదురుగా కూర్చుని రాయి. అక్షరం రానివాళ్లు కూడా ఆ గీతలు చూసే మాటను గుర్తు పడతారు, కాబట్టి ప్రతి కార్డూ ఒకేలా ఉండాలి.

డిసెంబరులో క్రిస్మస్ కోసం గదికి సున్నం వేయిస్తున్నారు. నీ పాత కార్డులు గోడ నిండా అంటిస్తాను.

నీ మీద చనువుతో కోప్పడే,
కృపక్క


కువైట్,
జనవరి 5, 2025.

అక్కకు,

మళ్లీ రాశాను. ఆరు. ఇంతకంటే బాగా రావడం లేదు, క్షమించండి.

నొప్పి అని చెప్పడానికి అరబ్బీలో మాట ఏదక్కా? ఇంగ్లీషులో ఏమంటారు? వచ్చేటప్పుడు చూసి రాసుకున్న నోటుబుక్కులో రెండొందల మాటలూ వెతికాను. లేదు.

చౌడేశ్వరి


కదిరి,
ఫిబ్రవరి 20, 2025.

నా తల్లీ చౌడీ,

నీ ఉత్తరం తెచ్చే మనిషికి సెలవు నెల ఆలస్యమైంది. ఇవాళ మధ్యాహ్నమే చేరింది.

కార్డులు నేల మీద వరసగా పరిచాను. నువ్వు పోకముందు రాసినవి గోడ మీంచి తీసి, అక్టోబరువి నా దగ్గర మిగిలిన రెండు, ఇప్పటివి. కళ్లున్న వాళ్లెవరికైనా తెలుస్తుంది. నాకు తెలియలేదు. నేను ఎర్రసిరా కలం పట్టుకుని కూర్చున్నాను. నీ చేతికి ఏమైంది?

ఇంగ్లీషులో పెయిన్. అరబ్బీలో అలమ్. "ఫీ అలమ్" అంటే నొప్పిగా ఉంది అని. పదకొండేళ్లు ఆ దేశంలో పనిచేశాను, ఆ మాట నాకు తెలుసు. నడుము పట్టేసి వారం లేవలేనప్పుడు నేనే వాడాను. మీకెందుకు నేర్పలేదని అడగకు.

మసీదు దగ్గర పిల్లలకు అరబ్బీ చెప్పే మౌల్వీ గారి చేత ఆ మాటను వాళ్ల అక్షరాల్లోనే పెద్దగా రాయించి ఇందులో పెట్టాను. నువ్వు ఏమీ పలకాల్సిన పని లేదు, ఈ కాగితం మేడం చేతికివ్వు. ఏజెంటు ఫోను ఎత్తడం లేదు. రేపు శుక్రవారం. పొద్దున బస్సుకే మీ ఊరికి పోయి, నువ్వు శశికి ఫోను చేసే వేళకు పక్కన కూర్చుంటాను.

భయంతో,
కృప


చిన్నరామన్నగారిపల్లి,
జూన్ 8, 2025.

కృపక్కకు,

ఇది ఎడమచేత్తో రాస్తున్నాను. నాలుగు రోజులు పట్టింది. అక్షరాలు వంకరగా ఉంటాయి, దిద్దకండి.

నేను ఏప్రిల్‌లోనే వచ్చేశాను. కదిరి బస్టాండులో దిగి గంటసేపు కూర్చున్నాను. మీ గది ఎంత దూరం, ఆటో కూడా అక్కర్లేదు. రాలేదు. మా ఊరి బస్సు ఎక్కాను. తర్వాత మీరు రెండుసార్లు వచ్చి వాకిట్లో నిలబడితే, నిద్రపోతోందని అత్త చేత అబద్ధం చెప్పించాను.

ఆ శుక్రవారం మీరు ఫోన్లో "చెయ్యి ఎట్లుందే" అని అడిగినారు. నేను "బాగుందిలేక్కా" అన్నాను. నిజం చెప్పాలనే ఫోను పట్టుకున్నాను. మీ గొంతు వినగానే ఆ మాటే వచ్చింది. మీరు ఊపిరి పీల్చుకున్నది నాకు వినిపించింది. నేనడిగిన మాట చెప్పకుండానే ఫోను శశికి ఇచ్చేశారు.

వాకిట్లో పడిన రోజే మణికట్టు విరిగింది. వాచింది, తగ్గింది. ఎముక వంకరగా అతుక్కుంది, నరం నలిగింది. మూడు వేళ్లు మడవడం లేదు. మార్చిలో వేడిగిన్నె జారి నా కాళ్ల మీదే పడితే మేడం స్వయంగా ఆసుపత్రికి తీసుకుపోయింది. ఐదు నెలలు ఎందుకు చెప్పలేదని డాక్టరు అడిగాడు. ఆ నొప్పి మాట ఆయన నోటనే మొదటిసారి విన్నాను. మీ కాగితం ఆ తర్వాత పది రోజులకు దేవేంద్ర తెచ్చిచ్చాడు.

మేడం అక్కడే ఏడ్చింది. రోజూ అడిగాను, రోజూ బాగుందనే చెప్పింది అని డాక్టరుతో అంటోంది. నిజమే, రోజూ అడిగింది. మూడో చప్పట్టు పడేలోగా నేను జవాబు చెప్పాను. అక్కడ చప్పట్లు కొట్టేవాళ్లు ఎవరూ లేరు, నా తలలోనే వినిపించేవి. దిద్దిన కార్డులు వచ్చిన రోజు నొప్పి తట్టుకోలేక వేళ్లకు కట్టెపుల్ల కట్టుకుని మళ్లీ రాశాను. అది చేసినందుకు నా మీద నాకు కోపం. మీ మీద కూడా కోపం ఉంది. దాచుకుని ఉత్తరం రాయలేను.

ఇక్కడ పెద్దాసుపత్రిలో చూపించాం. ఆపరేషన్ చేసినా వేళ్లు వస్తాయో రావో అన్నారు. శశి జడ శశే వేసుకుంటోంది. నేను చూస్తానని గోడ వైపు తిరిగి వేసుకుంటుంది.

జూన్ ఇరవైకి కొత్త బ్యాచ్ అని అత్త సంతలో విని వచ్చింది. అందులో మా ఊరి పిల్లలు ఇద్దరున్నారు. ఒక పిల్ల నిన్న నా దగ్గరికొచ్చి, "అక్కా, చప్పట్లు కొట్టేలోపల చెప్పకపోతే తిప్పి ఊరికి పంపిస్తారంట గదా" అని అడిగింది. దానికోసమే ఈ ఉత్తరం.

నేను వస్తాను. మొదటి రోజు మొదటి పాఠం నాకివ్వండి. కార్డు రాయలేను, అక్కర్లేదు కూడా. వస్తువు చూస్తేనే మాట నిలుస్తుందని మీరే అన్నారు గదా. నా చెయ్యి చూపిస్తాను. పట్టుకోవాలనుకున్న వాళ్లకు పట్టుకోనిస్తాను. "లా మేడం, ఫీ అలమ్." "నో మేడం, పెయిన్." ఈ రెండూ అందరి నోటా వచ్చేదాకా కూర్చుంటాను. కొందరికి వెంటనే రాదు, నాకు తెలుసు. ఎంతసేపైనా పట్టనీండి.

మీరూ పక్కన కూర్చోండక్కా. చప్పట్లు మాత్రం కొట్టకండి.

చౌడేశ్వరి